బితూనియ దారి మూసుకున్నప్పుడు

వీసా రాలేదు. కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయింది. రెండేళ్లు చదివిన పరీక్ష రద్దయింది. ఇలాంటి కబురు వినగానే సంఘంలో ఎవరో ఒకరు "దేవుడు ఇంతకంటే మంచిది దాచి ఉంచాడులే" అంటారు. ఆయన సార్వభౌముడన్నది నిజం. కానీ కన్నీళ్లు ఆరకముందే ఆ మాట అంటే, అది ఓదార్పు కాదు, నోరు మూయించడం. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం అంత తొందరపడదు.

మీ బైబిలు చివర అపొస్తలుడైన పౌలు రెండవ సువార్త ప్రయాణం మ్యాపు ఉంటే తెరిచి, 6 నుంచి 10 వచనాల వరకు వేలు పెట్టి చదవండి. ఆసియలో వాక్యం చెప్పకూడదని పరిశుద్ధాత్మ ఆటంకపరిచాడు. ఇక్కడ ఆసియ అంటే ఖండం కాదు, ఎఫెసు ఉన్న రోమా రాష్ట్రం, నేటి టర్కీ పడమటి భాగం. సరే, ఉత్తరాన ఉన్న బితూనియ అనే మరో రోమా ప్రాంతానికి వెళ్దామని ప్రయత్నిస్తే యేసు ఆత్మ వెళ్లనివ్వలేదు. ఇక మిగిలింది ముసియ దాటి త్రోయకు, అంటే సముద్రపు ఒడ్డుకు పోవడమే. వందల కిలోమీటర్ల నడకను, ఈ పుస్తకం రాసిన లూకా రెండు మూడు వాక్యాల్లో దాటేశాడు. దేవుడు ఎలా ఆపాడో చెప్పలేదు, ఎందుకు ఆపాడో అసలే చెప్పలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చాలామంది దృష్టికి రాదు. ముసియ, త్రోయ కూడా ఆసియ రాష్ట్రంలోవే. అంటే అక్కడ వాక్యం చెప్పవద్దన్నాడు గానీ అడుగు పెట్టవద్దనలేదు. అందుకే దారి మూసుకున్నప్పుడు మొదట చేయాల్సిన పని, ఆగింది ఏమిటో ఉన్నది ఉన్నట్టు ఒక కాగితం మీద రాసుకోవడం. "ఈ సెప్టెంబరులో ఆ యూనివర్సిటీలో చేరలేను" అన్నది ఒక సంగతి, "నా చదువు అయిపోయింది" అన్నది మరొకటి. రెండోది ఎవరూ మీకు చెప్పలేదు. దాని కిందే, ఇంకా తెరిచి ఉన్నవి రాయండి. ఈ వారం చేయగలిగిన పని ఒక్కటున్నా చాలు. పౌలు బృందం బితూనియ సరిహద్దు దగ్గర కూర్చోలేదు, సందు చూసి దూరిపోనూ లేదు.

త్రోయలో రాత్రి, సముద్రం అవతలి మాసిదోనియ మనిషి తమకు సహాయం చేయ రమ్మని పిలిచే దర్శనం పౌలు ఒక్కడికే కనిపించింది. కానీ పదో వచనం "మేము నిశ్చయించుకొని" అంటుంది. ఆ గ్రీకు క్రియకు ముక్కలను ఒకచోట చేర్చి చూడటం అన్న అర్థం ఉంది. మూసిన రెండు దారులు, ఈ దర్శనం పక్కపక్కన పెట్టి, మాసిదోనియకే వెళ్లాలని అందరూ కలిసి తేల్చుకున్నారు. మీరూ ఇద్దరు ముగ్గురితో కూర్చోండి. వారిలో ఒకరైనా మీకు "వద్దు" అని మొహం మీద చెప్పగలిగినవారై ఉండాలి.

ఎక్కువగా తప్పు జరిగేది ఆటంకాన్ని చదవడంలోనే. ప్రతి ఆటంకమూ దేవుడు "వద్దు" అన్నట్టు కాదు. థెస్సలొనీక వెళ్లలేకపోయినప్పుడు ఇదే పౌలు "సాతాను మమ్మును అభ్యంతరపరచెను" అని రాశాడు, తాను వెళ్లలేక తిమోతిని పంపాడు. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన వెళ్లి తీరాలనీ కాదు. తర్వాత ఒకసారి అదే త్రోయలో సువార్తకు తలుపు తెరిచి ఉన్నా, తోటి పనివాడు తీతు కనబడక మనసు నిలవక మాసిదోనియకు వెళ్లిపోయాడు (2 కొరింథీ 2:12-13). ఇక దేవుడు చూపిన దారి సుఖంగా ఉంటుందనుకోవడం మూడో తప్పు. గాలి అనుకూలించి సమొత్రాకే మీదుగా రెండో రోజుకే నెయపొలి చేరారు. కానీ ఫిలిప్పీలో ఎదురైంది బెత్తపు దెబ్బలు, కాళ్లు బిగించే కొయ్య బొండ.

ఫిలిప్పీ నదీతీరాన మొదట హృదయం తెరిచింది ఊదారంగు అమ్ముకునే లూదియ. ఆమెది తుయతైర, ఆసియ రాష్ట్రంలోని పట్టణం! ఎక్కడ మాట్లాడవద్దన్నాడో ఆ ఊరి మనిషే సముద్రం అవతల వాక్యం వింది. కొన్నేళ్లకు ఆసియ తలుపూ తెరుచుకుంది, పౌలు ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేళ్లు బోధించాడు.

బితూనియకు మాత్రం పౌలు వెళ్లినట్టు అపొస్తలుల కార్యాల్లో ఎక్కడా లేదు. అయినా పేతురు మొదటి పత్రిక మొదటి వచనంలో బితూనియ విశ్వాసులున్నారు. సుమారు 112లో అక్కడి రోమా అధిపతి ప్లినీ, ఈ విశ్వాసం పట్టణాల్లోనే కాదు, పల్లెల్లోకీ పాకిందని ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. మొదట అక్కడికి సువార్త మోసుకెళ్లిందెవరో బైబిల్లో పేరు లేదు.