గడ్డిమందు కేసులో ఇంటివాళ్లతో ఎలా మాట్లాడాలి: ఐసీయూలో నా అనుభవం

ఐసీయూలో ఇంటివాళ్ల కోపం ఎక్కువగా ఎదురయ్యేది పారాక్వాట్ అనే గడ్డిమందు తాగిన కేసుల్లోనే. తాగిన మనిషి మొదటి రోజు లేచి కూర్చుంటాడు, అందరినీ పలకరిస్తాడు. నోట్లో పుండ్లు తప్ప పైకి పెద్దగా ఏమీ కనిపించదు. లోపల మాత్రం ముందు కిడ్నీలు, తర్వాత ఊపిరితిత్తులు దెబ్బతింటూ పోతాయి. విరుగుడు లేదు. "నడిచొచ్చిన పిల్లోణ్ని మీరే పాడుచేశారు" అనే మాట నాలుగో రోజు వచ్చేది అందుకే. దానికి జవాబు మొదటి రోజే చెప్పి ఉండాలి.

వరండాలో నిలబడి చెప్పను. గదిలో అందరికీ కుర్చీలు వేయిస్తాను. నిర్ణయాలు తీసుకునే ఇద్దరు ముగ్గురినీ, రావాలనుకుంటే తల్లినీ కూర్చోబెడతాను. పక్కన ఒక సిస్టర్ ఉంటుంది. వాళ్లకైనా మాకైనా తలుపు వైపు దారి అడ్డం లేకుండా చూసుకుంటాను. "ఇప్పటిదాకా మీకు ఏం చెప్పారు?" అని ముందు అడగాలి. ఊళ్లో కడుపు కడిగించి, ఇక భయం లేదని ఎవరో చెప్పి పంపి ఉంటారు. అది తెలియకుండా మనం మొదలుపెడితే అబద్ధం ఆడుతున్నామనుకుంటారు.

తర్వాత సూటిగా: "బతికే అవకాశం చాలా తక్కువమ్మా. ఇప్పుడు మాట్లాడుతున్నాడు గానీ, రానున్న రోజుల్లో ఊపిరి అందకపోవచ్చు." అక్కడ ఆగిపోవాలి. చాలామంది డాక్టర్లు ఏడుపు మొదలవగానే క్రియాటినిన్, డయాలసిస్ అంటూ అందుకుంటారు. ఆ క్షణంలో ఒక్క ముక్కా చెవికెక్కదు. "ఏడవకండి" అనడమూ వద్దు. తల్లి నేల మీద కూలబడితే సిస్టర్ కూడా నేల మీదే కూర్చుంటుంది. వాళ్లు తలెత్తి ఏదైనా అడిగాకే మిగతాది.

పెద్ద గొడవ ఆక్సిజన్ దగ్గర. ఈ విషానికి ఆక్సిజన్ తోడైతే ఊపిరితిత్తులు ఇంకా త్వరగా పాడవుతాయి, అందుకే ఒంట్లో ఆక్సిజన్ బాగా పడిపోయేదాకా పెట్టం. పక్క బెడ్‌కు మాస్క్ ఉండి తమవాడికి లేకపోతే డబ్బు కోసమో, నిర్లక్ష్యమో అనుకోరా మరి? అడగకముందే చెప్పేస్తాను. అప్పటికీ అరిస్తే, "వాడలా ఎగపోస్తుంటే చూడలేకపోతున్నారు, నాకు అర్థమవుతోందన్నా" అని ముందు అంటాను. కారణం తర్వాత. ఆయాసం తెలియకుండా ఏ మందు ఇస్తున్నామో కూడా చెప్పాలి, లేకపోతే వదిలేశారనుకుంటారు. "అరవకండి" అంటే గొంతు ఇంకా పెరుగుతుంది. చెయ్యి లేపితే మాత్రం మాటలు ఆపి బయటికొచ్చి సెక్యూరిటీని పిలవాలి.

కోపం కింద చాలాసార్లు అపరాధ భావం ఉంటుంది. "రాత్రి నేనే తిట్టాను సార్" అంటాడు తండ్రి. "మీ తప్పేం లేదు" అని తొందరపడితే ఆయన నోరు మూసినట్టే. పూర్తిగా చెప్పనిచ్చి, ఒక్క తిట్టుతో ఇలాంటిది జరగదని అప్పుడు చెప్తాను. మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసు అనగానే పోలీసు భయం మొదలవుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి, వేరేలా రుజువైతే తప్ప, తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు అని వివరిస్తే సగం ఆందోళన అక్కడే దిగుతుంది.

రోగి కూడా అడుగుతాడు. వాడికి చెప్పొద్దంటారు ఇంటివాళ్లు. వాళ్ల భయమేంటో విని, వాణ్ని మాత్రం "నీకేం తెలుసుకోవాలనుంది తమ్ముడూ?" అని అడుగుతాను. అడిగినంతవరకే చెప్తాను, అబద్ధం చెప్పను. చూడాలనుకున్నవాళ్లను విజిటింగ్ టైమ్ చూడకుండా పంపిస్తాం.

రోజూ ఒకే వేళకు, వీలైతే ఒకే డాక్టర్ మాట్లాడాలి. ఏం చెప్పామో అవే మాటల్లో కేస్ షీట్‌లో రాయాలి. రాత్రి డ్యూటీ డాక్టర్ "బీపీ బాగానే ఉంది" అని వెళ్లిపోతే తెల్లారేసరికి ఆ ఇల్లంతా ఆశ పెట్టుకుంటుంది.

చనిపోయాక "చనిపోయాడు" అనే చెప్పాలి. పోస్ట్‌మార్టం మాట కాసేపాగి ఎత్తాలి. వెళ్లేముందు మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416 రాసిచ్చి, ఇంట్లో ఇంకా ఎవరి గురించైనా భయంగా ఉందా అని అడుగుతాను. మిగిలిన మందు డబ్బా ఎక్కడుందో అడిగి, ఆ పూటే దాన్ని ఇంట్లోంచి తీయించే బాధ్యత ఒక బంధువుకు అప్పగిస్తాను.