ముందుగా కలిపి ఉంచిన ఇంజెక్షన్ ఎంతసేపు నిలుస్తుంది?

ఉదయం ఆరు గంటల మోతాదుల కోసం తెల్లవారుజామునే యాంటీబయాటిక్ వయల్స్ అన్నీ కరిగించి, సిరంజిల్లోకి తీసి, ట్రేలో పేర్చి ఉంచుకోవడం చాలా వార్డులలో ఉన్న అలవాటే. ముప్పైమంది రోగులను ఇద్దరు సిస్టర్లు చూసుకునే చోట దానిని తప్పుపట్టడం ఫార్మసీలో కూర్చునే నాలాంటివారికి తేలికే గానీ, న్యాయం కాదు. కాకపోతే ఆ ట్రేలోని మందులన్నీ ఒకే విధంగా నిలవ ఉండవు.

సెఫ్ట్రియాక్సోన్ నార్మల్ సెలైన్‌లో 25 డిగ్రీల వద్ద రెండు రోజులు చెడకుండా ఉంటుంది. అదే సెలైన్‌లో, అదే ఉష్ణోగ్రతలో మెరోపెనెమ్‌కు అమెరికా లేబుల్ ఇచ్చే గడువు ఒక్క గంట. గ్లూకోజ్‌లో కలిపితే అదీ లేదు, వెంటనే వాడాలి. ఆంపిసిలిన్ కథ ఇంకా విచిత్రమైనది. ఈ మందులు పనిచేయడానికి కీలకమైన భాగం బీటా లాక్టమ్ వలయం, దానిని నీరు ఎలాగూ విడగొడుతుంది. ఆంపిసిలిన్‌లో అది చాలదన్నట్టు, ఒక అణువులోని అమైన్ (నత్రజని ఉండే) భాగం పక్క అణువు వలయంపై దాడి చేస్తుంది. అందువల్ల ద్రావణం ఎంత చిక్కగా ఉంటే అంత త్వరగా మందు పాడవుతుంది. కొద్ది నీటితో కరిగించి సిరంజిలో ఉంచిన ఆంపిసిలిన్‌ను గంటలోపే వాడమనడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఇది రసాయనిక గడువు మాత్రమే. సూక్ష్మజీవుల వైపు నుంచి మరో గడువు ఉంటుంది. అమెరికాలో 2023 నవంబరు 1 నుంచి అమలైన యూఎస్‌పీ 797 (అక్కడి ఔషధ ప్రమాణాలలో స్టెరైల్ మందులు కలపడంపై ఉన్న అధ్యాయం) సవరణ, వార్డులో అప్పటికప్పుడు కలిపే మందును నాలుగు గంటలలోపు ఎక్కించడం మొదలుపెట్టాలంటుంది. అంతకుముందు అది ఒక గంటే. ఆ నాలుగు గంటలు మెరోపెనెమ్‌కూ వర్తిస్తాయనుకుంటే పొరపాటు, రెండింటిలో ఏది తక్కువైతే దానినే పాటించాలి.

ఇక లేబుళ్లలోని 25 డిగ్రీలు మే నెలలో ఏసీ లేని మన వార్డుల ఉష్ణోగ్రత కాదు. అలాగని అన్నింటినీ ఫ్రిజ్‌లో పెట్టడమూ కుదరదు. మెట్రోనిడజోల్ బాటిల్ అక్కడ స్ఫటికాలు కడుతుంది. అది కంటికి కనిపిస్తుంది గనుక ఎవరూ ఎక్కించరు గానీ, బలం తగ్గిన ఆంపిసిలిన్ చూడటానికి తేటగానే ఉండవచ్చు.

అందుకే సిరంజిపై మందు పేరు, మంచం నంబరు రాసి వదిలేయడం నాకు సరిపోదు. ఏ ద్రవంలో, ఎంత పరిమాణంలో, ఎన్ని గంటలకు కలిపారో, ఎన్నింటికల్లా పారేయాలో కూడా అదే లేబుల్‌పై ఉండాలి.