సర్దుబాటు ఎవరు చేసుకున్నారు? ఎకనామిక్స్ ఆప్షనల్‌లో నన్ను ఓడించి, గెలిపించిన ప్రశ్న

సివిల్ సర్వీసెస్ ఫలితాలు వచ్చి నాలుగు రోజులైంది. లిస్టులో నా పేరు ఉంది. ఇది నాలుగో అటెంప్ట్. ఇంటికి వచ్చిపోయేవాళ్లు, ఫోన్లు కాస్త తగ్గాక ఇది రాయడానికి కూర్చున్నాను. ఎకనామిక్స్‌ను ఆప్షనల్‌గా, అంటే ఐచ్ఛిక సబ్జెక్టుగా తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఏ నోట్స్ చదివావు, రోజుకు ఎన్ని గంటలు కూర్చున్నావు అని అడుగుతున్నారు. అన్నీ ఒకేసారి చెప్పలేను. మూడో అటెంప్ట్‌లో నన్ను దెబ్బతీసిన ఒక టాపిక్ గురించి మాత్రం వివరంగా చెబుతాను. పేపర్ 1లో అంతర్జాతీయ అర్థశాస్త్రం కింద ‘ట్రేడ్ బ్లాక్స్, మానిటరీ యూనియన్స్’ అని ఒక్క లైన్ ఉంటుంది కదా, అదే. యూరప్ అరవై ఏళ్ల కథంతా ఆ ఒక్క లైన్లో ఉంది.

చాలామంది ఆ లైన్‌ను వదిలేస్తారు. నేను వదల్లేదు, కానీ తప్పుగా చదివాను. గది గోడకు ఒక చార్ట్ అంటించుకున్నాను. 1957 రోమ్ ఒప్పందం, 1968 కస్టమ్స్ యూనియన్, 1970 వెర్నర్ నివేదిక, 1979 యూరోపియన్ మానిటరీ సిస్టమ్, 1986 సింగిల్ యూరోపియన్ యాక్ట్, 1992 మాస్ట్రిక్ట్, 1999 యూరో. నిద్రలో లేపి అడిగినా తడబడకుండా అప్పజెప్పేవాణ్ణి.

టెస్ట్ సిరీస్‌లో 20 మార్కుల ప్రశ్న వచ్చింది. యూరో సంక్షోభానికి కారణం కొన్ని దేశాల దుబారానా, లేక యూనియన్ కట్టిన తీరేనా, చర్చించమన్నారు. మూడు పేజీలు నింపాను. రెండున్నర పేజీలు చార్ట్‌లో ఉన్నదే రాశాను. మిగిలిన సగంలో గ్రీస్ మితిమీరి ఖర్చు పెట్టిందని తేల్చేశాను. 6 మార్కులు వచ్చాయి. కింద ఎర్ర ఇంకుతో రెండు ముక్కలు: ‘చరిత్ర బాగుంది. సర్దుబాటు ఎవరు చేసుకున్నారు?’

నాకు కోపం వచ్చింది. ఇన్ని తేదీలు సరిగ్గా రాస్తే 6 మార్కులా అని ఆ పేపర్ను మడిచి బ్యాగ్ అడుగున పడేశాను. మెయిన్స్‌లో కూడా దాదాపు ప్రతి జవాబూ అదే పద్ధతిలో రాశాను. పేపర్ 1లో 250కి 98 వచ్చాయి. ఫైనల్ లిస్టుకు 17 మార్కుల దూరంలో ఆగిపోయాను. ఆ 17 మార్కులు ఎక్కడ పోయాయో నాకు తెలుసు.

ఆ వేసవిలో చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని మళ్లీ ఆ పేపర్ తీశాను. ఈసారి జవాబును పక్కన పెట్టి, ఎర్ర ఇంకునే చదివాను. అర్థశాస్త్రవేత్త రాబర్ట్ మండెల్ 1961లో చెప్పింది ఎకనామిక్స్ చదివిన మనందరికీ తెలుసు. రెండు ప్రాంతాలకు ఒకే కరెన్సీ ఉంటే, ఒకచోట గిరాకీ పడిపోయినప్పుడు మారకపు రేటు తగ్గించుకునే వీలుండదు. అప్పుడు అక్కడ జీతాలు తగ్గాలి, లేదా మనుషులు వేరేచోటికి వెళ్లాలి, లేదా కేంద్రం నుంచి డబ్బు రావాలి. ఎర్ర ఇంకు అడిగిన సర్దుబాటు అంటే ఇదే. ఈ మూడింటినీ రెండేళ్లుగా పాయింట్లుగానే చదువుతున్నాను. ఆ రోజు మాత్రం మా ఊరు గుర్తొచ్చింది. మాది పాలమూరు పక్క. కరువు వస్తే మా దగ్గర జనం బొంబాయి బస్సెక్కుతారు. మా నాన్న కూడా వెళ్లారు, మూడేళ్లు అక్కడ మట్టి పని చేశారు. మండెల్ చెప్పిన కార్మికుల తరలింపు అంటే ఆ బస్సే. ఊళ్లో మిగిలినవాళ్లకు రేషన్ బియ్యం, ఉపాధి హామీ కూలి ఉన్నాయి. రాష్ట్రాలతో పంచుకోవాల్సిన కేంద్ర పన్నుల్లో 41 శాతం వాటా ఆర్థిక సంఘం సిఫార్సు మీద వస్తుంది. పాలమూరుకూ బొంబాయికీ ఒకే రూపాయి నడుస్తోందంటే వెనకాల ఇవన్నీ ఉన్నాయి.

ఇక యూరప్ చూడండి. ఏ దేశానికైనా వెళ్లి పని చేసుకునే హక్కు ఉంది, కానీ భాష వేరు, చదువుల గుర్తింపు వేరు, పెన్షన్ లెక్కలు వేరు. యూరోపియన్ యూనియన్ బడ్జెట్ మొత్తం సభ్య దేశాల ఆదాయంలో దాదాపు 1 శాతమే. కాబట్టి దెబ్బ తగిలినప్పుడు ప్రధానంగా మిగిలేది మొదటి దారే. జీతాలు తగ్గాలి, అవి త్వరగా తగ్గవు కాబట్టి ఉద్యోగాలు పోతాయి.

అన్నీ తెలిసీ ఆ దేశాలు ఒకే కరెన్సీకి ఎందుకు ఒప్పుకున్నాయి? పొలిటికల్ ఎకానమీ ఇక్కడే మొదలవుతుంది. ఫ్రాన్స్ నుంచి మొదలుపెట్టండి. 1981లో మిత్తరాఁ అధ్యక్షుడై జీతాలు, ప్రభుత్వ ఖర్చు పెంచారు. దిగుమతులు పెరిగాయి, ఫ్రాన్స్ కరెన్సీ ఫ్రాంక్ నిలబడలేదు. 1981 అక్టోబర్, 1982 జూన్, 1983 మార్చి, ఇలా ఏడాదిన్నరలో మూడుసార్లు విలువ తగ్గించారు. చివరికి, సభ్య దేశాల కరెన్సీల మారకపు రేట్లను ఒకదానికొకటి ముడిపెట్టిన యూరోపియన్ మానిటరీ సిస్టమ్‌ను వదలాలా, పొదుపు బాట పట్టాలా అన్న ప్రశ్న ఎదురైంది. పొదుపునే ఎంచుకున్నారు. అప్పటి ఆర్థిక మంత్రి జాక్ డెలోర్. 1985లో ఆయనే యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడయ్యారు, ఒకే కరెన్సీకి మూడు దశల దారి వేసిన 1989 నివేదిక ఆయన కమిటీదే. ఈ రెండు సంగతులూ నా చార్ట్‌లో వేర్వేరు గడుల్లో ఉండేవి, మధ్యలో గీత గీయడానికి నాకు మూడు అటెంప్ట్‌లు పట్టింది. మారకపు రేటును జర్మనీ కరెన్సీ మార్క్‌కు కట్టుకున్నాక ఫ్రాన్స్ వడ్డీ రేటు ఆచరణలో జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ చేతిలో ఉన్నట్టే, పైగా అక్కడ ఫ్రాన్స్‌కు కుర్చీ లేదు. ఉమ్మడి కేంద్ర బ్యాంకు పెడితే కనీసం ఒక కుర్చీ దొరుకుతుంది.

మరి జర్మనీ తన మార్క్‌ను ఎందుకు వదులుకుంది? తూర్పు, పశ్చిమ జర్మనీల ఏకీకరణకు ఫ్రాన్స్ ఒప్పుకున్నందుకు చెల్లించిన ధర అని చాలా నోట్స్‌లో ఉంటుంది. జవాబులో అంత గట్టిగా రాయకండి. డెలోర్ నివేదిక వచ్చింది 1989 ఏప్రిల్‌లో, బెర్లిన్ గోడ కూలింది నవంబర్‌లో. ఏకీకరణ వల్ల వేగం పెరిగింది, అంతవరకు రాయొచ్చు. ఎగుమతుల మీద బతికే జర్మన్ పరిశ్రమకు పక్క దేశాలు మాటిమాటికీ కరెన్సీ విలువ తగ్గించడం ఆగాలి. దానికి బదులుగా జర్మనీ తన షరతులు రాయించుకుంది. బ్యాంకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో, బుండెస్‌బ్యాంక్ నమూనాలో స్వతంత్రంగా ఉండాలి. ఒక దేశం అప్పును ఇంకో దేశం మోయకూడదు. జీడీపీలో బడ్జెట్ లోటు 3 శాతం, అప్పు 60 శాతం దాటకూడదు. ఇటలీ లెక్క ఇంకోటి, ఇంట్లో చేయలేని సంస్కరణలను బయటి నిబంధన చూపించి చేయించుకోవచ్చని అక్కడి నాయకులు నమ్మారు.

ఉమ్మడి మార్కెట్ గురించి రెండు ముక్కలు చాలు. 1979 కాసిస్ ద డిజాఁ తీర్పు గుర్తుపెట్టుకోండి. ఒక ఫ్రెంచ్ లిక్కర్‌లో ఆల్కహాల్ తక్కువని జర్మనీ అడ్డుకుంటే, ఒక దేశంలో చట్టబద్ధంగా అమ్మే సరుకును తగిన కారణం లేకుండా ఇంకో దేశం ఆపకూడదని యూరోపియన్ కోర్టు చెప్పింది. 1992 చివరికల్లా ఏకీకృత మార్కెట్ పూర్తి చేయాలన్న ప్రయత్నానికి ఆ సూత్రం పెద్ద ఆధారం. పెట్టుబడుల రాకపోకలకు 1990 జూలైలో తలుపులు తెరిచారు. స్వేచ్ఛా వాణిజ్యం, స్వేచ్ఛగా కదిలే పెట్టుబడి, స్థిర మారకపు రేటు, ఎవరి ద్రవ్య విధానం వారిది, ఈ నాలుగూ కలిసి బతకవని ఇటలీ అర్థశాస్త్రవేత్త పదోవా స్కియోప్పా హెచ్చరించింది ఇందుకే. 1992 సెప్టెంబర్ 16న అది కళ్లకు కట్టింది. బ్రిటన్ ఒక్క రోజులో వడ్డీ 10 నుంచి 12కు పెంచి, 15 చేస్తామని ప్రకటించి, సాయంత్రానికి మారకపు రేటు వ్యవస్థ నుంచే బయటపడింది.

ఇప్పుడు ఎర్ర ఇంకు ప్రశ్నకు వస్తాను. గ్రీస్‌ను పక్కన పెట్టి స్పెయిన్‌ను తీసుకోండి. 2007లో స్పెయిన్ బడ్జెట్ మిగులులో ఉంది, అప్పు జీడీపీలో 40 శాతం కన్నా తక్కువ. అదే ఏడాది జర్మనీ అప్పు 60 శాతం పైన. నిబంధనలు మీరడమే సంక్షోభానికి కారణమైతే ముందు మునగాల్సింది జర్మనీ! 2003 నవంబర్‌లో లోటు నిబంధన మీరినందుకు తమ మీద చర్యలను ఆపించుకున్నది కూడా ఫ్రాన్స్, జర్మనీలే. స్పెయిన్‌లో జరిగింది వేరు. మందకొడిగా ఉన్న జర్మనీకి సరిపోయే వడ్డీ రేటు, వేడి మీదున్న స్పెయిన్‌కు మరీ తక్కువైంది. ఉత్తరాది బ్యాంకుల డబ్బు వచ్చి ఇళ్ల నిర్మాణంలో పడింది. 2008 తర్వాత ఆ ప్రవాహం ఆగింది. విలువ తగ్గించుకోవడానికి పాత సొంత కరెన్సీ పెసెటా లేదు. 2013 నాటికి నిరుద్యోగం 26 శాతం దాటింది. అప్పు ఇచ్చినవాళ్లూ తప్పు చేశారు, తీసుకున్నవాళ్లూ చేశారు. భారం ఎక్కువగా మోసింది మాత్రం దక్షిణాది కూలీ, ఉద్యోగి. ఆ ఎర్ర ఇంకుకు జవాబు ఇదే. రాయడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

గ్రీస్ తప్పు లేదని కాదు. లోటు లెక్కలు దాచింది, 2009 లోటు చివరికి 15 శాతం పైన తేలింది, 2010 మేలో 110 బిలియన్ యూరోల సాయం తీసుకుంది. అది కూడా రాయాలి. దాంతోపాటు 2012 జూలైలో యూరోపియన్ కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు ద్రాగి, యూరోను కాపాడటానికి తమ పరిధిలో ఏమైనా చేస్తామన్న సంగతీ రాయండి. ఆ మాట వెనక వచ్చిన బాండ్ల కొనుగోలు పథకాన్ని ఒక్కసారి కూడా వాడలేదు, అయినా వడ్డీలు దిగొచ్చాయి. అంటే భయంలో కొంత భాగం చివరి దిక్కుగా నిలబడే బ్యాంకు లేదన్న భయమే. 2020లో 750 బిలియన్ యూరోల ఉమ్మడి అప్పుకు ఒప్పుకోవడం, మండెల్ మూడో దారి వైపు వేసిన పెద్ద అడుగు.

జీఎస్ (జనరల్ స్టడీస్), ఎస్సే, ఎథిక్స్ పేపర్ల గురించి చెప్పడానికి నా దగ్గర కొత్తగా ఏమీ లేదు. అందరూ చదివేవే చదివాను, వారానికి రెండు టెస్టులు రాశాను. ఆప్షనల్ మార్చుకో అని చాలామంది చెప్పారు. బంధువుల్లో కొందరు నాలుగేళ్లు వృథా చేస్తున్నానన్నారు. నేను ఉదయం ఐదింటికి లేచి చదివాను, రాత్రి పదికి ఫోన్ ఆపేశాను, పండగలకు ఊరికి వెళ్లలేదు. అది వృథా ఎలా అవుతుంది? తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కుదురుగా కూర్చోవడం ఒక్కటే క్రమశిక్షణ అనుకోకండి. నేను మూడేళ్లు చాలా కుదురుగా కూర్చుని తప్పుగా చదివాను. మీ జవాబు మీద ఎవరైనా ఎర్ర ఇంకుతో రాస్తే ఆ రాత్రే దాని ముందు కూర్చోండి. నేను ఎనిమిది నెలలు ఆలస్యం చేశాను.

ఈసారి మార్కుల షీటు ఇంకా రాలేదు. ఇంటర్వ్యూలో ఒక మేడమ్, రూపాయి, యూరో రెండూ అనేక ప్రాంతాల ఉమ్మడి కరెన్సీలే కదా, తేడా ఏమిటని అడిగారు. పాలమూరు బస్సు గురించి చెప్పాను. ఆమె కాసేపు ఆగి, ‘మరి ఆ బస్సెక్కినవాళ్లు సర్దుబాటు భారం మోయడం లేదా?’ అన్నారు. ‘మోస్తున్నారు మేడమ్, మా నాన్న కూడా మోశారు. అందుకే బస్సు ఒక్కటే ఉంటే చాలదు, కేంద్రం నుంచి డబ్బు కూడా రావాలి. యూరప్‌లో ఆ రెండోది ఇప్పుడిప్పుడే మొదలైంది’ అన్నాను. ఆమె తలూపి, నారాయణపేట చీరల మీద తర్వాతి ప్రశ్న అడిగారు.