జంట నక్షత్రంలో మిల్లీసెకన్ పల్సార్‌ను గుర్తించడం: నా అనుభవం

బెంగళూరులో పరిశోధక విద్యార్థిగా చేరినప్పుడు నాకు అప్పగించిన మొదటి పని, పుణే సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు డేటా నుంచి జె1544+4937 అనే పల్సార్‌ను (వేగంగా తిరుగుతూ, క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే న్యూట్రాన్ నక్షత్రాన్ని), దాని కక్ష్య వివరాలేవీ తెలియనట్టే భావించి, మొదటి నుంచి వెదికి పట్టుకోవడం. అది 2.16 మిల్లీసెకన్లకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతూ, తేలికైన సహచరితో కలిసి 2.9 గంటలకు ఒక కక్ష్య పూర్తిచేస్తుంది. ఇటువంటి పల్సార్లు సహచర నక్షత్రం నుంచి పదార్థాన్ని రాబట్టుకొని వేగం పుంజుకున్నాయని 1982లో ప్రతిపాదించినవారిలో ఈ ఊరి రామన్ పరిశోధన సంస్థకు చెందిన వి. రాధాకృష్ణన్, జి. శ్రీనివాసన్ ఉన్నారు, ఆ వ్యాసం చదివాకే ఈ పని మీద నాకు మమకారం కలిగింది.

తొలి మెట్లు త్వరగానే గడిచాయి. నక్షత్రాల మధ్యనున్న ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ పౌనఃపున్యాల సంకేతం ఆలస్యంగా చేరుతుంది. ఈ ఆలస్యాన్ని నిర్ణయించే కొలతను డీఎం అంటారు. అనేక డీఎం విలువల వద్ద ఆలస్యాన్ని సరిదిద్ది, ఒక్కొక్క శ్రేణికి ఫోరియర్ పరివర్తన (సంకేతంలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో విడదీసే గణిత పద్ధతి) చేశాను; 50 హెర్ట్జ్ కరెంటూ, దాని గుణిజాలూ సృష్టించే శిఖరాలను ముందే తొలగించాను.

అసలు చిక్కు కక్ష్యతోనే. పల్సార్ మనవైపు వస్తున్నప్పుడు దాని పౌనఃపున్యం పెరిగినట్టు, దూరమవుతున్నప్పుడు తగ్గినట్టు కనిపిస్తుంది కాబట్టి, దాని బలం ఫోరియర్ వర్ణపటంలో ఒకే గడిలో నిలవక పక్క గడులకు చెదిరిపోతుంది. త్వరణం స్థిరంగా ఉన్నంతవరకు ఈ జరుగుడు పరిశీలనా కాలపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది, అంటే కాలం రెట్టింపైతే జరుగుడు నాలుగింతలవుతుంది. ఎక్కువసేపు చూస్తే మసక సంకేతమైనా బయటపడుతుందన్న మామూలు నమ్మకం ఇక్కడ చెల్లదు. స్థిర త్వరణమన్న ఊహ కక్ష్యలో సుమారు పదో వంతు వరకే నిలుస్తుంది కనుక, డేటాను పావుగంట ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కలోనూ వేర్వేరు త్వరణాలకు వెదికాను. దీనివల్ల కొంత సున్నితత్వం పోతుంది. అయినా దగ్గరి జంటల విషయంలో ఆ నష్టం భరించదగినదేనని నా అభిప్రాయం.

ఒక ముక్కలో 2.16 మిల్లీసెకన్ల దగ్గర శిఖరం కనిపించింది. ఆ ఆవర్తన కాలంతో డేటాను మడిచి, అంటే ఒక్కో భ్రమణపు డేటాను ఒకదానిపై ఒకటి పేర్చి చూస్తే, త్వరణాన్ని సరిదిద్దకముందు పల్స్ గీత విల్లులా వంగి ఉంది, సరిదిద్దగానే నిటారుగా నిలిచింది. "డీఎం చూడు తమ్ముడూ, సున్నా దగ్గరే బలంగా ఉంటే అది భూమి మీది గోలే" అన్నారు కర్నూలు నుంచి వచ్చిన మా సీనియర్. సంకేతం డీఎం 23.2 వద్ద గరిష్ఠమై, రెండువైపులా పడిపోయింది. ఆ పటాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఒక్క ముక్కతో కక్ష్య తేలదు. వేర్వేరు ముక్కల్లో దొరికిన ఆవర్తన కాలాన్నీ, త్వరణాన్నీ ఒకే పటంలో గుర్తిస్తే, వృత్తాకార కక్ష్యలో ఆ బిందువులు దీర్ఘవృత్తం మీద పడతాయి. దాని అక్షాల నిష్పత్తి నుంచి కక్ష్యాకాలం వస్తుంది. నా బిందువులూ అలాగే కూర్చున్నాయి. అయితే 322 మెగాహెర్ట్జ్ వద్ద కొన్ని ముక్కల్లో పల్స్ అసలు లేదు. సహచరి మనకూ పల్సార్‌కూ మధ్యకు వచ్చే దశలో, దాని నుంచి వెలువడిన వాయువు రేడియో తరంగాలను అడ్డుకోవడమే అందుకు కారణమని కక్ష్య తేలాక స్పష్టమైంది. అందుకే ఇప్పుడు కొత్త సంకేతాల విషయంలో, ఒక పరిశీలన ఖాళీగా వచ్చినా, మరో దశలో చూడనిదే దేన్నీ జాబితా నుంచి తీసెయ్యడం లేదు.