సిరిమాను నాటి విజయనగరం

మా విజయనగరంలో 1713 నాటి కోటనీ, 1919లో పెట్టిన సంగీత కళాశాలనీ ఎప్పుడైనా చూడొచ్చు. ఊరి మనసు తెలియాలంటే మాత్రం విజయదశమి తర్వాతి మంగళవారం మా గ్రామదేవత పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవానికి రండి. వీలైతే సోమవారమే వచ్చేయండి, ఆ రాత్రి తొలేళ్లు, అంటే సిరిమానుకి ముందు రోజు జరిగే వేడుక. రైతులు అమ్మవారి విత్తనాలు తీసుకెళ్లి తమ విత్తనాల్లో కలుపుకుంటారు.

సిరిమాను అంటే ఊరేగించే పొడవాటి మాను. అది చింతచెట్టుది, దాదాపు అరవై అడుగులు. కొసన ఆసనంలో పూజారి కూర్చుంటారు. దాని ముందు ఆనవాయితీగా పాలధార, తెల్ల ఏనుగు ఆకారపు రథం, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. మూడులాంతర్ల కూడలి దగ్గరున్న అమ్మవారి గుడి నుంచి కోట వరకూ సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. జనం పూజారి మీదికి అరటిపళ్లు విసురుతారు, కాళ్ల కింద తొక్కలు జారతాయి. పిల్లల్ని ఎత్తుకోండి. మధ్యాహ్నం భోంచేసిన వెంటనే చోటు చూసుకోండి. తర్వాత వస్తే గుడి దగ్గర అడుగు పెట్టలేరు, కోటవైపు నిలబడడమే మేలు.