డెక్ కింద పది పైపులు: నా అనుభవం

మా టెర్రస్ మీద డెక్, అంటే ఫ్రేము మీద బోర్డులు పరిచిన వేదిక, నిన్న సాయంత్రానికి పూర్తయింది. రెండు వారాల్లో అయిపోవాల్సిన పని, నా లెక్కల పుణ్యమా అని ఐదు వారాలు పట్టింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఇల్లు బెంగళూరు రామమూర్తినగర్‌లో. డెక్ పొడవు 16 అడుగులు, వెడల్పు 9 అడుగుల 2 అంగుళాలు. మైసూర్ రోడ్డు టింబర్ యార్డుల్లో టేకు ధర విని, మారు మాట్లాడకుండా వెనక్కి వచ్చి డబ్ల్యూపీసీ (చెక్కపొడి కలిపిన ప్లాస్టిక్) బోర్డులు కొన్నాం. రంగు మా ఆవిడ పది నిమిషాల్లో తేల్చేసింది. వాటర్‌ప్రూఫింగ్ చేయించి ఏడాదే అయింది కాబట్టి స్లాబుకు ఒక్క రంధ్రం కూడా పెట్టకుండా, ప్లాస్టిక్ పెడస్టల్స్ (పొట్టి కాళ్లు) మీద ఇనుప ఫ్రేము నిలబెట్టాలనుకున్నాం. ఇంతవరకూ ఏ గొడవా లేదు.

బోర్డులు వెడల్పు వైపు పడతాయి. వాటికి అడ్డంగా, కింద వాటిని మోసే జాయిస్టులు. మా ఫ్యాబ్రికేటర్ మాటలో అడ్డపైపులు. 2 అంగుళాల చదరపు పైపు తీసుకున్నాం. ఒక పైపుకీ ఇంకో పైపుకీ ఎంత దూరం ఉండాలన్నదే ప్రశ్న. అమెరికా వాళ్ల వీడియోలు డజను చూశాను, అందరూ 16 అంగుళాలే అంటున్నారు. బోర్డులు అమ్మినతన్ని అడిగితే, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "అందరూ అంతే పెడతారు సార్" అన్నాడు. ఆ మనిషిని నేను ఇప్పట్లో క్షమించను. నేను ఒక కాగితం మీద బొమ్మ గీసి, "గ్యాప్ 16 ఇంచెస్" అని రాసి ఫ్యాబ్రికేటర్‌కు వాట్సాప్‌లో పంపాను. అతను గీత దాటలేదు. ఏడు పైపులు, మధ్యలో ఆరు సందులు, ఒక్కో సందు సరిగ్గా 16. ఒక్క అంగుళం కూడా మిగల్లేదు. ఎంత మురిసిపోయానో!

అప్పుడే హిందూపురం నుంచి మా మామ వచ్చాడు. ఫ్రేముకు బిగించే క్లిప్పులు ఇంకా వేయని నాలుగు బోర్డులు పరిచి ఉన్నాయి. కాఫీ గ్లాసు ఒక బోర్డు మీద పెట్టి, దాని పక్కనే కాలు మోపాడు. బోర్డు కిందికి వంగి లేచింది. గ్లాసు ఒరిగి కాఫీ కొత్త బోర్డు మీద పారింది. మామ ఏమీ అనలేదు. మడమతో ఇంకోసారి నొక్కి నా వైపు చూశాడు. చూసి ఊరుకున్నా బాగుండేది. "ఏమప్పా, ఇంజినీరువి కదా" అన్నాడు. మా ఆవిడ లోపలికి వెళ్లింది, నవ్వడానికే అనుకుంటాను.

ఆ రాత్రి బోర్డుల కట్టతో వచ్చిన కాగితం తీసి మొదటిసారి చదివాను. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: జాయిస్టు మధ్య నుంచి ఇంకో జాయిస్టు మధ్యకు 300 మిల్లీమీటర్లకు మించకూడదు. అంటే దాదాపు 12 అంగుళాలు. వీడియోల్లోని 16 కూడా మధ్య నుంచి మధ్యకే. నేను చెప్పింది పైపుకూ పైపుకూ నడుమ ఖాళీ. దానికి పైపు వెడల్పు 2 కలిపితే అసలు దూరం 18. ఉండాల్సిన దానికి ఒకటిన్నర రెట్లు. దూరం ఒకటిన్నర రెట్లయితే అదే బరువుకు వంపు ఒకటిన్నర రెట్లే పెరుగుతుందనుకోకండి, మూడు రెట్లు దాటుతుంది. పైగా ఇది చెక్కపొడి కలిపిన ప్లాస్టిక్, ఎండకు ఇంకా మెత్తబడుతుంది. బోర్డులు ఐమూలగా వేసేవాళ్లయితే పైపులు ఇంకా దగ్గరకు రావాలి.

పొద్దున్నే ఫ్యాబ్రికేటర్‌ను పిలిచి గట్టిగా మాట్లాడదామనుకున్నాను. అతను ఫోన్ తీసి నా చేతిరాత నాకే చూపించాడు. గొంతు తగ్గించాను. పరువు నిలబెట్టుకోవాలని అక్కడే నోటితో లెక్క కట్టాను: "మొదటి పైపు మధ్య నుంచి చివరి పైపు మధ్యకు 108 అంగుళాలు, 12తో భాగిస్తే తొమ్మిది. ఏడున్నాయి, ఇంకో రెండు తెచ్చేయ్." మామ బీడీ పక్కన పెట్టాడు. "తొమ్మిది సందులకు పది రాళ్లు కావల్లప్పా. చేనికి కంచె ఎప్పుడూ నాటలేదా?" ఫ్యాబ్రికేటర్ నవ్వు ఆపుకోలేదు. అతని వెల్డింగ్ కుర్రాడు కూడా.

ఒక్క విషయంలో మాత్రం నా బుర్ర పని చేసింది, చెప్పుకోకపోతే నిద్రపట్టదు. ఫ్యాబ్రికేటర్ ఫ్రేమంతా విప్పాలన్నాడు. నేను కాగితం మీద రెండు వరుసలూ, 18 చొప్పున పాతదీ 12 చొప్పున కొత్తదీ, పక్కపక్కన రాసి చూశాను. 0, 36, 72, 108 రెండింట్లోనూ ఉన్నాయి. అంటే నాలుగు పైపులు ఉన్నచోటే ఉంటాయి, మూడు జరపాలి, మూడు కొత్తవి. మామ ఆ కాగితం రెండుసార్లు చూసి తల ఊపాడు. గ్రైండర్ నిప్పురవ్వలు వాటర్‌ప్రూఫింగ్ మీద పడకుండా తడిపిన గోనెసంచులు పరిచాం. కోసిన చోటల్లా తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ మళ్లీ పూయించాను. పైపు 20 అడుగులది వస్తుంది, మనకు కావాల్సింది 16. మిగిలిన 4 అడుగుల ముక్కలు మీ డబ్బే, వదిలిపెట్టకండి. నేను వాటినే మధ్యలో అడ్డకట్లుగా వేయించాను.

ఇంకోటి. వాననీళ్లు పోయే తూము మీద పడే బోర్డుకు క్లిప్పు బిగించొద్దు, చేత్తో లేచేలా వదలండి. ఇది మాత్రం మా ప్లంబర్ అడక్కుండానే చెప్పాడు.

బోర్డులు పరిచే ముందు మామ చెప్పులు విడిచి, ఒక్కో పైపు మీద కాలు పెడుతూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ప్రతి అడుగుకూ పైకే లెక్కపెట్టాడు. పది అయ్యాక దిగి, కాఫీ అడిగాడు.