ఫారం 16

పొద్దున్న బడికి వస్తుంటే కాలువ నిండుగా పారుతోంది. బడి తెరిచి రెండు రోజులైంది. ఈపాటికి ఆఫీసు ముందు అడ్మిషన్ల కోసం క్యూ ఉండాలి. ఇద్దరే ఉన్నారు.

అందులో ఒకావిడ మనవణ్ణి తీసుకొచ్చింది. కూతురు కువైట్‌లో పనికెళ్లింది. పోయినేడాది ఫీజు నాలుగు వేలు బాకీ. "దాళ్వా డబ్బులు ఇంకా పడలేదండి సిస్టరుగారూ, పడగానే కట్టేస్తానండి" అంది. "సరేనమ్మా, ముందు పిల్లాణ్ణి క్లాసుకి పంపు" అన్నారు సిస్టర్‌గారు. నేను బాకీల పుస్తకంలో రాసుకున్నాను. ఇలాంటి పేర్లే మూడు పేజీలున్నాయి. కాస్త గట్టిగా అడగొచ్చు కదా అని నాకుంటుంది, కానీ సిస్టర్‌గారికి నోరు రాదు. బయట మా గేటు పక్కనే పసుపు బస్సు ఆగి వేరే బడికి పిల్లల్ని ఎక్కించుకుపోతోంది.

మధ్యాహ్నం సిస్టర్‌గారి ఫారం 16, అంటే ఏడాది జీతం, అందులో కోసిన పన్ను చూపించే కాగితం, ప్రింటు తీశాను. నేను చేరినప్పుడు ఇక్కడ ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ టీచర్లు పదకొండు మంది. ఒక్కొక్కరే రిటైరయ్యారు, ఖాళీలు అలాగే ఉండిపోయాయి. 2021లో ఎయిడెడ్ టీచర్లను ప్రభుత్వానికి అప్పగించమన్నప్పుడు పడ్డ టెన్షన్ గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ప్రస్తుతం మిగిలింది ముగ్గురు. అందులో సిస్టర్‌గారొకరు.

సొంతానికి ఏమీ ఉంచుకోనని పేదరికపు మాటపట్టు (వ్రతం) చేసిన మనిషి. జీతం మొత్తం మఠం ఖాతాకే. చేతికి రాని జీతానికి పన్నేమిటని చాలా సంస్థలు కోర్టుకెళ్లాయి. జీతంలోంచి ముందే పన్ను (టీడీఎస్) కోయాల్సిందేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పేసింది. సిస్టర్‌గారు కళ్లజోడు పైకెత్తి మొత్తం చూసి, "ఏడాదికి నాకింత వస్తోందా!" అని నవ్వి సంతకం పెట్టారు. ప్రభుత్వ జీతం లేని మేనేజ్‌మెంట్ టీచర్లకి మఠం అందులోంచే జీతాలిస్తుంది, నాక్కూడా. ఆవిడ రిటైర్మెంటు వచ్చే ఫిబ్రవరిలో. ఆ తేదీ సర్వీసు రిజిస్టర్‌లో నా చేత్తోనే రాశాను. పెన్షన్ వస్తుందిగానీ, అది జీతమంత ఉండదు.

సాయంత్రం ఆ మామ్మగారు మళ్లీ వచ్చింది, చక్రకేళి అత్తం పట్టుకుని. "దీనికి రసీదు ఎలా రాస్తావు?" అన్నారు సిస్టర్‌గారు నాతో. స్టాఫంతా పంచుకున్నాం. నాకు రెండొచ్చాయి.